మడకా? నాగలా? : తోటివాని దిద్దుబాటుకు ఒక చరిత్ర

నంది కొండల ప్రాంతంలో పుట్టిన ఉత్తర పినాకిని హిందూపురం వైపుగా ఆంధ్రదేశంలోకి వస్తుంది. మళ్ళీ కర్ణాటకలోకి మళ్ళి, పావగడ తాలూకాలో కొంత దూరం పారి, తిరిగి సరిహద్దు దాటి పేరూరు జలాశయానికి చేరుతుంది. ఆ కొద్ది మేరలో నది ఒడ్డున ఉన్న ఊరు నాగలమడిక. కుక్కె, ఘాటి క్షేత్రాలను ఆది, మధ్య సుబ్రహ్మణ్య క్షేత్రాలుగానూ, నాగలమడికను అంత్య సుబ్రహ్మణ్య క్షేత్రంగానూ భక్తులు భావిస్తారు. పావగడ తాలూకాకు దాదాపు అన్ని దిక్కులా ఆంధ్రప్రదేశే. పాలన తుమకూరు నుంచి. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత కన్నడం.

ఆ ఊరి నుంచి వచ్చిన ఒక విద్యార్థి కొన్నేళ్ళ కిందట మా తరగతిలో తన తాతగారి సేద్యాన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. మా తరగతిలో వ్యాసాలు ముందుగా అధ్యాపకుని దగ్గరికి రావు. ఒకరి వ్యాసం మరొకరు చదివి, తోచింది అంచున రాసి తిరిగి ఇవ్వాలి. ఇతని వ్యాసం చదివిన అబ్బాయి కోస్తా జిల్లాల నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన కుటుంబం వాడు. 'మడక' అన్న మాట వచ్చిన నాలుగు చోట్లా ఎర్ర గీత గీశాడు. 'నాగలి అని రాయాలి, మడక తప్పు' అని అంచున రాశాడు. 'మా కడ మడక అనే అంటారు సార్. నాగలి అని మా తాత నోట ఎప్పుడూ వినలేదు' అని నాగలమడిక అబ్బాయి నాతో మెల్లగా అన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు అతడు ఏమీ రాయలేదు.

(ఊరి పేరులోనే నాగలీ మడకా రెండూ ఉన్నట్టు వినిపించడం లేదూ? ఇది వ్యుత్పత్తి కాదు, చెవికి తోచిన చమత్కారం మాత్రమే.)

ఆ గీత దిద్దింది ఒక తప్పునా, ఒక ఊరినా? తెలుగులో ఈ ప్రశ్నకు నూరేళ్ళు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టాలు కొన్ని తెలుగు సీమకు వెలుపల, మద్రాసులోనూ మైసూరులోనూ జరిగాయి. ఆంధ్రేతర ప్రాంతాల్లో తెలుగు చదువుకునే మన విద్యార్థులు వాటిని తెలుసుకోవడం అవసరం.

ముందుగా ఆ మాటనే చూద్దాం. 'దిద్దు' అన్న క్రియకు తప్పు సరిచేయడం అన్న అర్థం ఒక్కటే లేదు. వీధిబడి పిల్లవాడు గురువు రాసిన అక్షరం మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ రాయడమూ దిద్దడమే. నుదుట బొట్టు దిద్దుతాం, కాటుక దిద్దుతాం, సంసారం చక్కదిద్దుకుంటాం. పాత కావ్యాల అవతారికల్లో కవులు, తాళపత్రాల చివర లేఖకులు, తప్పులుంటే దిద్దుకోమని పెద్దలను కోరడం ఆనవాయితీ. అయితే అక్కడ దిద్దేవాడు ఎప్పుడూ పెద్దవాడే. సమానులు ఒకరినొకరు నిలదీసే చోటు మనకు అవధాన సభ. నిషేధాక్షరిలో కవి నోట అక్షరం రాకముందే పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. ప్రజ్ఞకు పరీక్షగా అది గొప్పదే. కాని మన విద్యార్థుల్లో కొందరు తోటివాని వ్యాసాన్ని నిషేధాక్షరి పృచ్ఛకుల్లాగా చదువుతారు. పద్యం పూర్తయ్యాక దాని అర్థం ఏమిటని అడగడం పృచ్ఛకుని పని కాదు కదా!

1910లో గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' కథ రాశారు. అందులో దిద్దేది గురువూ కాదు, పండితుడూ కాదు, భార్య కమలిని. ఆమె సాధనం ఒక ఉత్తరం. పెద్దల హక్కుగా ఉన్న ఒక పనిని ఈ కథ సమానుల మధ్యకు తెచ్చింది.

ఆ రోజుల్లోనే విద్యార్థుల రచన మీద పెద్ద వివాదం చెలరేగింది. మద్రాసు విశ్వవిద్యాలయం కొత్త నిబంధనల కింద ఇంటర్మీడియట్ విద్యార్థులకు దేశభాషా రచనను ప్రవేశపెట్టింది. పిల్లలు ఏ తెలుగులో రాయాలి? గ్రాంథికమే రాయాలని జయంతి రామయ్య పంతులు ప్రభృతులు పట్టుబట్టారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారికి బలమైన వేదిక అయింది. శిష్టులు మాట్లాడే భాషలో రాయనివ్వాలని గిడుగు రామమూర్తి, గురజాడ, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొర వాదించారు. గురజాడ 1914లో ఇంగ్లీషులో రాసిన సుదీర్ఘమైన అసమ్మతి పత్రం ఈ వివాదంలో మిగిలిన ముఖ్యమైన దస్తావేజు. నాటికి గ్రాంథికవాదులదే పైచేయి అయింది. మరుసటి ఏడు నవంబరులో గురజాడ కన్నుమూశారు.

ఈ వివాదాన్ని భాషా చరిత్రగా మన పాఠ్యపుస్తకాలు చెబుతూనే ఉన్నాయి. విద్యార్థి వైపు నుంచి దీన్ని చూసినవారు తక్కువ. ఒక పిల్లవాని వ్యాసంలో 'వచ్చాడు' అని ఉంటే తప్పనీ, 'వచ్చెను' అని ఉంటే ఒప్పనీ గీత గీసే అధికారం ఎవరికి ఉండాలన్నదే అసలు తగాదా. గిడుగు వారు ఈ సంగతి బాగా గ్రహించారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనల్లోనే ఆ వ్యాకరణం ప్రకారం ఎన్ని దోషాలున్నాయో ఏరి చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అన్న పేరులోనే ఆ పుస్తకం ధోరణి తెలుస్తుంది. ఆయనదే మరో పుస్తకం 'బాలకవి శరణ్యం'. లాక్షణికులు తప్పన్న ప్రయోగాలకు మహాకవుల రచనల్లో ఉన్న ఆధారాలను చూపి, కొత్తగా కలం పట్టినవాడికి అండగా నిలవడం దాని ఉద్దేశం. తప్పులు పట్టేవారి నుంచి బాలకవికి శరణు కల్పించడానికి ఒక పెద్దాయన పుస్తకమే రాయవలసివచ్చిందంటే ఆనాటి ఎర్రసిరా ఎంత ధాటిగా పారిందో ఊహించవచ్చు.

గిడుగు, గురజాడ ఇద్దరూ విజయనగరంలో ఒకే బడిలో చదువుకున్న సహాధ్యాయులు. ఒకరు పర్లాకిమిడిలో, మరొకరు విజయనగరంలో ఉంటూ దశాబ్దాల తర్వాత ఈ పోరాటంలో ఒక్కటయ్యారు. బడి స్నేహం అంత దూరం పోయింది. గురజాడ విద్యార్థి దశలో మరో మాట కూడా చెప్పుకోవాలి. ఆయన ఇంగ్లీషులో రాసిన 'సారంగధర' కావ్యం 1883లో 'ఇండియన్ లీజర్ అవర్' పత్రికలో వచ్చింది. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుని తన పత్రికలో మళ్ళీ అచ్చువేశారు. అచ్చువేసి ఊరుకోలేదు. పరాయి భాషలో ఎంత బాగా రాసినా దానికి ఒక హద్దు ఉంటుంది, నీ భాషలో రాయమని సలహా ఇచ్చారు. ఆ కావ్యంలో ఛందోదోషాలేమైనా ఉండి ఉంటే వాటి మాట ఇవాళ ఎవరికీ పట్టదు. ఆ సలహా మాత్రం తెలుగు సాహిత్యం దారినే మార్చింది.

ఇక మద్రాసు సంగతి. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న చిత్తూరు సీమ యువకుడు కట్టమంచి రామలింగారెడ్డి, అక్కడి ఆంధ్ర భాషాభిరంజని సమాజం పెట్టిన పోటీ కోసం ఒక కావ్యం రాసి బహుమతి పొందారు. అది 'ముసలమ్మ మరణము'. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదు. కావ్య వస్తువును పురాణాల్లో వెతకలేదు. బ్రౌన్ దొర ప్రకటించిన అనంతపురం చరిత్రలో నుంచి, బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ప్రాణం అర్పించిన బసిరెడ్డి కోడలి కథను తీసుకున్నారు. నాగలమడిక వాళ్ళకు బుక్కరాయసముద్రం పరాయి ఊరు కాదు. ఒక రైతు ఇంటి కోడలు కావ్యనాయిక కావడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఆధునిక ఖండకావ్యాలకు దీన్ని తొలి మెట్టుగా చాలామంది విమర్శకులు భావిస్తారు.

తెలుగు నేలకు దూరంగా ఉన్న కళాశాలలో కొద్దిమంది తెలుగు విద్యార్థులు పెట్టుకునే సమాజాలను మనం చిన్నచూపు చూస్తాం. వార్షికోత్సవం, ఒక ఉపన్యాసం, ఫలహారం అని నవ్వుకుంటాం. నేనూ నవ్వాను. కాని 'ముసలమ్మ మరణము' పుట్టింది అటువంటి సమాజం నీడలోనే. అక్కడ విద్యార్థికి దొరికింది వినేవాళ్ళున్న ఒక గది.

అదే మద్రాసులో 1917-18 ప్రాంతంలో జరిగింది ఇంకా ముచ్చటైన ఘట్టం. అక్కడ చదువుకుంటున్న నండూరి సుబ్బారావు ఒక సాయంత్రం రాయపురం నుంచి ట్రాములో ఇంటికి వస్తుండగా ఒక పల్లవి తట్టింది. ఇల్లు చేరేసరికి పాట అయింది. దాన్ని మిత్రుడు, సాటి విద్యార్థి బసవరాజు అప్పారావుకు పాడి వినిపించారు. అప్పారావు బాగుందన్నారు, ఇంకా రాయమన్నారు. 'ఎంకి పాటలు' అలా మొదలయ్యాయి. పరీక్షల్లో గ్రాంథికం గెలిచి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ పరిస్థితుల్లో ఒక విద్యార్థి పల్లెటూరి వాళ్ళ మాటలతో పాట కట్టాడు. మొదట విన్నవాడు పండితుడై ఉంటే ఆ మాటల కింద ఎన్ని గీతలు పడేవో! అప్పారావు గారు కూడా పాటలు రాసేవారే కనుక ముందు పాట విన్నారు.

తర్వాత గీతలు పడనే పడ్డాయి. అక్కిరాజు ఉమాకాంతం 1928లో ప్రకటించిన 'నేటి కాలపు కవిత్వం'లో ఎంకి పాటలతో సహా ఆనాటి కొత్త కవిత్వాన్ని శాస్త్రబద్ధంగా, చాలా కఠినంగా ఖండించారు. ఉమాకాంతం గారిని ఛాందసుడని తోసివేయడం మనవాళ్ళకు అలవాటు. అది న్యాయం కాదని నా అభిప్రాయం. ఆయన ప్రతి మాటకూ కారణం చెప్పారు. కారణం చెప్పినవారితో వాదించవచ్చు. కాని ఆ పుస్తకం వచ్చేనాటికి ఎంకి పాటలు అచ్చయి మూడేళ్ళయింది, జనం పాడుకుంటున్నారు. 1918లో ట్రాము దిగివచ్చిన కుర్రవాడికి మొదటి శ్రోతగా ఉమాకాంతం గారే ఎదురై ఉంటే ఖండించడానికి పాటలే మిగిలేవి కావేమో. ఆ పాటకు మొదట అప్పారావు, తర్వాత ఉమాకాంతం దొరికారు. ఆ వరస మంచిదైంది.

మైసూరు మనకు మరింత దగ్గర. పావగడ తాలూకా సరిహద్దు దాటితే అనంతపురం జిల్లా కంబదూరు మండలం, అందులో రాళ్ళపల్లి. ఆ ఊళ్ళో 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు చదువు కోసం మైసూరు పరకాల మఠం చేరారు. 1912లో, ఇరవై ఏళ్ళయినా నిండకముందే, మహారాజా కళాశాలలో తెలుగు పండితులయ్యారు. వారిని అక్కడికి తెచ్చింది కట్టమంచి వారే. 'ముసలమ్మ మరణము' రాసిన విద్యార్థి అప్పటికి మైసూరులో ఆచార్యుడు. ఇద్దరికీ పన్నెండేళ్ళు తేడా, స్వభావాల్లో అంతకన్నా ఎక్కువ తేడా. ఒకరు ఆంగ్ల విమర్శను ఆపోశన పట్టి, కొరడా లాంటి వాక్యం రాసినవారు. మరొకరు సంస్కృత ప్రాకృతాల్లో, సంగీతంలో పండిన మృదుభాషి. కట్టమంచి సాహచర్యమే రాళ్ళపల్లి వారిని తెలుగు సాహిత్య విమర్శ వైపు తిప్పింది. అయినా శిష్యుడు గురువు అచ్చులో పోసినట్టు రాయలేదు. 1914లో వచ్చిన కట్టమంచి 'కవిత్వతత్త్వవిచారము', రాళ్ళపల్లి వారి వ్యాసాలు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరు కావ్యాన్ని బోనులో నిలబెట్టి ప్రశ్నిస్తారు. మరొకరు కావ్యం పక్కన కూర్చుని, అది ఏమంటున్నదో వింటారు.

'నిగమశర్మ అక్క' వ్యాసాన్నే తీసుకోండి. తెనాలి రామకృష్ణుని 'పాండురంగ మాహాత్మ్యము'లో నిగమశర్మ అన్న దుర్వ్యసనపరుడి కథ ఉంది. తమ్ముణ్ణి దారికి తెద్దామని అక్క పుట్టింటికి వస్తుంది. వాడు మంచివాడైనట్టు నటించి నగలు మూటగట్టుకుని ఉడాయిస్తాడు. ఎన్నో తరాలు ఆ కథను నిగమశర్మ కథగానే చదివాయి. రాళ్ళపల్లి వారి చూపు అక్క మీద ఆగింది. కవి ఆమెకు పేరైనా పెట్టలేదు. అయినా ఆ ఇంటి బరువంతా ఆమె మాటల్లో ఉంది. రాసినవాడు పేరు పెట్టకుండా దాటిపోయిన మనిషి దగ్గర చదివేవాడు ఆగడం - తోటివాని వ్యాసం చదివే విద్యార్థికి ఇంతకన్నా మంచి పాఠం నేను చూపలేను.

1949 వరకు శర్మగారు మైసూరులోనే తెలుగు చెప్పారు, కన్నడంలోనూ వ్యాసాలు రాశారు. వేమన మీద 1928లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి ఏడు పుస్తకంగా వచ్చాయి. మైసూరులో ఉండి తెలుగు రాసినందువల్ల ఆయన తెలుగుకు తక్కువేమీ కాలేదు. రెండు భాషల మధ్య బతికినందువల్ల మాట విషయంలో ఆయన చెవి మరింత పదునెక్కిందని నాకు తోస్తుంది.

పక్కనే ఉన్న పెనుగొండ నుంచి ఒక సరదా ముక్క. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్ననాట రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యం, ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చునేనాటికి అదే పరీక్షకు పాఠ్యగ్రంథమైంది. అందులో నుంచి వచ్చిన రెండు మార్కుల ప్రశ్నకు నలభై పుటల జవాబు రాసి, మిగతా వాటికి సమయం చాలక ఆ ఏడు పరీక్ష తప్పారని చెప్పుకుంటారు. మార్కులు వేసేవాడికి కావలసింది రెండు వాక్యాలు. రాసినవాడికి చెప్పవలసింది నలభై పుటలు. ఈ రెండింటి మధ్య మూడో మనిషి ఒకడు ఉండాలి. ఆ నలభై పుటలూ ఓపికగా చదివి, 'ఇందులో ఈ మూడు పుటలు చాలా బాగున్నాయి, తక్కినవి ఎందుకు?' అని అడిగేవాడు. పరీక్షాధికారి ఆ మనిషి కాలేడు. పక్క బల్ల మీది స్నేహితుడు కాగలడు.

ఇక నాగలమడిక వ్యాసం దగ్గరికి వద్దాం. ఆ వ్యాసంలో తప్పులు లేవని కాదు. కన్నడ బడిలో అక్షరాలు నేర్చినందువల్ల 'క', 'త', 'శ' చాలాచోట్ల కన్నడ రూపంలో పడ్డాయి, తలకట్లు అటూ ఇటూ అయ్యాయి. ఒకటి రెండు వాక్యాలు కన్నడంలో ఆలోచించి తెలుగులో పెట్టినట్టున్నాయి. ఇవి దిద్దవలసినవే. మొదట చదివిన అబ్బాయి వీటిలో ఒక్కదాన్నీ పట్టించుకోలేదు. మడకను మాత్రం నాలుగుసార్లు పట్టుకున్నాడు. తాను వినని మాట తప్పయి ఉంటుందని అతని నమ్మకం. అతణ్ణి నేను తప్పుపట్టను. మా చదువులో మాకు దిద్దినవాళ్ళూ అలాగే దిద్దారు. ఆ గీత అతనికి వారసత్వంగా వచ్చింది.

రెండు వారాల తర్వాత ఆ వ్యాసాన్ని తరగతిలో గట్టిగా చదివించాను. రాసినవాడు చదవాలి, విన్నవాళ్ళు ముందు ప్రశ్నలు మాత్రమే వేయాలి, రాసినవాడు సమర్థించుకోకుండా వాటిని రాసుకోవాలి అన్నది షరతు. వెనక బల్ల నుంచి హోసూరు అమ్మాయి ఒకతె అడిగింది: 'ఆ మడక ఇప్పుడు ఎక్కడుంది?'

వ్యాసంలో ఆ సంగతి లేదు. నాగలమడిక హోబళిలోని తిరుమణి చుట్టుపక్కల ఊళ్ళలో సుమారు 13 వేల ఎకరాల్లో సౌరవిద్యుత్ కేంద్రం వెలిసింది. 2019 చివరికి దాని సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. భూమిని రైతుల నుంచి కొనలేదు, ఏడాదికి ఎకరానికి ఇంత అని కౌలుకు తీసుకున్నారు. వానలు కురవని సీమలో ఆ కౌలు చాలా ఇళ్ళకు ఆధారమైంది. ఇతని తాతగారి పొలమూ అందులో పోయింది. ఎద్దులను అమ్మేశారు. మడక పశువుల కొట్టంలో గోడకు ఆనించి ఉంది. ఈ సంగతులు ఆ అబ్బాయి ఆ రోజు నోటితో చెప్పాడు. వ్యాసంలో ఎందుకు రాయలేదని ఎవరూ అడగలేదు.

తిరగరాసిన ప్రతిలో మొదటి పుట మొత్తం కొట్టివేశాడు. వ్యాసం పశువుల కొట్టంలో మొదలైంది. అక్షరాలు చాలావరకు కుదుటపడ్డాయి. 'మడక' అన్న మాట ఏడుచోట్ల వచ్చింది. మొదటిసారి ఎర్ర గీతలు గీసిన అబ్బాయే ఈసారీ చదివాడు. అంచున ఒక్కచోట మాత్రం, పెన్సిలుతో, 'దీనికి ఎద్దులు రెండా, నాలుగా? ఎన్ని అంగుళాల లోతు దున్నుతుంది?' అని రాశాడు.